మంచును నెట్టాలా, విసరాలా? చిన్న ట్రాక్టరు పనిముట్ల వెనుక భౌతికశాస్త్రం

ఖరగ్‌పూర్‌లో మంచు కురవదు. పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాకు చెందిన ఈ రైల్వే పట్టణంలో జనవరి తెల్లవారుజామున పొగమంచు పట్టాలను కప్పుతుంది, రైళ్లు నెమ్మదిస్తాయి. అంతకుమించి పారతో ఎత్తిపోయాల్సిన మంచు ఊళ్లో ఎప్పుడూ పడదు. అయినా చిన్న ట్రాక్టరుకు మంచు తొలగించే పనిముట్టు ఏది తగిలించాలన్న ప్రశ్నను అర్థం చేసుకోవడానికి ఇది మంచి చోటు. ఎందుకంటే ఇంజిన్‌లో ఎంత బలం ఉందన్నది ఈ ప్రశ్నలో సగమే. ఆ బలంలో ఎంత భాగం చక్రం కింద నిలబడుతుందన్నది మిగతా సగం. ఈ రెండో సగం ఖరగ్‌పూర్ యార్డులో సరుకు బండి కదిలిన ప్రతిసారీ కళ్ల ముందు జరుగుతూనే ఉంటుంది.

తెలుగు పాఠకులకు మంచు తొలగింపు మరీ దూరపు విషయమేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగాల కోసం ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డాయి. ఇప్పటి తరంలో తెలుగువాళ్లు మిన్నెసోటాలో, మిషిగన్‌లో, కెనడాలోని ఆంటారియోలో ఇళ్లు కొనుక్కుంటున్నారు. ఊరి చివర ఇల్లయితే గేటు నుంచి గ్యారేజీ దాకా ఉన్న దారిని శీతకాలమంతా ఎవరికి వారే తెరుచుకోవాలి. రాత్రి మోకాలి లోతు మంచు పడి, తెల్లారేసరికి అంబులెన్స్ రావాల్సి వస్తే ఆ దారి తెరిచి ఉందా లేదా అన్నదే అసలు విషయం. మన దేశంలోనూ హిమాచల్, కశ్మీర్ ఆపిల్ తోటల దగ్గర ఇదే అవసరం. ట్రాక్టరు కొనేవాళ్లు ముందుగా అడిగేది హెచ్‌పీ ఎంత అని. మంచు విషయంలో ఆ ప్రశ్న కొంతవరకే పనికొస్తుంది.

పట్టాల మీద పాఠం

భారతీయ రైల్వేలో సరుకు రవాణాకు విరివిగా వాడే విద్యుత్ ఇంజిన్లలో డబ్ల్యూఏజీ-9 ఒకటి. దాని బరువు 123 టన్నులు. శక్తి 4,500 కిలోవాట్లు, అంటే 6,000 హెచ్‌పీ పైమాటే. కదిలేటప్పుడు అది ఇవ్వగల గరిష్ఠ లాగుడు బలం సుమారు 458 కిలోన్యూటన్లు. వాడుక భాషలో చెప్పాలంటే దాదాపు 46 టన్నుల బరువుతో సమానమైన లాగుడు. తన బరువులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ.

మరి 6,000 హెచ్‌పీ ఉన్నప్పుడు ఇంకా గట్టిగా లాగవచ్చు కదా? లాగలేదు. శక్తి అంటే బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది. 4,500 కిలోవాట్లను 458 కిలోన్యూటన్లతో భాగిస్తే సెకనుకు దాదాపు 10 మీటర్లు, గంటకు 35 కిలోమీటర్లు వస్తుంది. అంతకంటే తక్కువ వేగంలో ఇంజిన్ శక్తి మొత్తాన్ని చక్రాలకు పంపితే చక్రాలు పట్టా మీద గిర్రున తిరుగుతాయి తప్ప బండి కదలదు. నెమ్మదిగా నడిచేటప్పుడు హద్దు గీసేది పట్టా, చక్రం మధ్య ఉన్న ఘర్షణ. ఇంజిన్ శక్తి హద్దు అవడం వేగం పెరిగాకే.

అందుకే ఇంజిన్ కింద ఇసుక పెట్టెలు ఉంటాయి. చక్రం జారుతున్నప్పుడు పొడి ఇసుకను దాని ముందు పట్టా మీదికి వదులుతారు. జోరువాన కంటే సన్నటి తుంపర ప్రమాదకరం. జోరువాన పట్టాను కడిగేస్తుంది, తుంపర మాత్రం పట్టా మీది దుమ్మునూ నూనెనూ కలిపి జిగురుగా మారుస్తుంది. 6,000 హెచ్‌పీ యంత్రం గుప్పెడు ఇసుక మీద ఆధారపడటం వింతగా అనిపించవచ్చు కానీ, ఘర్షణ లెక్కకు హోదాలతో పనిలేదు.

25లో 5

ఇప్పుడు చిన్న ట్రాక్టరు. మన దగ్గర కుబోటా, మహీంద్రా జీవో వంటి పేర్లతో దొరికే 25 హెచ్‌పీ తరగతి బండిని తీసుకుందాం. డ్రైవరుతో, అదనపు బరువులతో కలిపి 1,000 కిలోలు అనుకుందాం. ఎండిన తారు రోడ్డు మీద రబ్బరు టైరుకు తన మీద పడిన బరువులో 70 శాతానికి పైగా పట్టు దొరుకుతుంది. గట్టిపడిన మంచు మీద అది 20 నుంచి 30 శాతానికి పడిపోతుంది. నున్నటి మంచుగడ్డ మీద 10 శాతం, ఒక్కోసారి అంతకంటే తక్కువ.

మధ్యస్థంగా 25 శాతం తీసుకుంటే, నాలుగు చక్రాలూ ఇంజిన్‌తో తిరిగే ట్రాక్టరు 250 కిలోల బరువుతో సమానమైన బలంతో నెట్టగలదు. గంటకు 5.4 కిలోమీటర్ల వేగంతో ఆ బలాన్ని ఉపయోగిస్తే ఖర్చయ్యే శక్తి 3.7 కిలోవాట్లు. అంటే 5 హెచ్‌పీ.

కొన్నది 25 హెచ్‌పీ. ముందు బ్లేడు తగిలించి మంచును నెట్టేటప్పుడు ఉపయోగపడేది 5. మిగతా 20 ఊరికే ఉంటాయి. అదే వెనుక చక్రాలు మాత్రమే తిరిగే ట్రాక్టరయితే, మొత్తం బరువులో 60 శాతం వెనుక పడుతుందనుకుంటే, ఉపయోగపడేది 3 హెచ్‌పీ. ఇలాంటి చోట 25 హెచ్‌పీ బండి బదులు అదే బరువున్న 35 హెచ్‌పీ బండి కొంటే బ్లేడు పనిలో తేడా ఏమీ ఉండదు. నాలుగు చక్రాల డ్రైవు, టైర్లకు గొలుసులు, వెనుక అదనపు బరువు - ఈ మూడింటి మీద పెట్టిన డబ్బు మాత్రం నేరుగా నెట్టుడు బలంగా మారుతుంది.

మంచు అంటే ఏ మంచు?

తెలుగులో మంచు అన్న మాట చాలా పని చేస్తుంది. గడ్డి మీద తెల్లవారి కనిపించే బిందువులూ మంచే, కళ్లకు అడ్డం పడే పొగమంచూ మంచే, కొండల మీద కురిసేదీ మంచే. పనిముట్టు ఎంచుకునేవాళ్లకు ఇది చాలదు. అప్పుడే కురిసిన పొడి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. దూదిలా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం గాలే. రెండు మూడు రోజులు ఉండి అణిగిన మంచు 200, 300 కిలోలకు చేరుతుంది. నీరు పట్టిన తడి మంచు ఇంకా బరువు. పూర్తిగా గడ్డకట్టిన ఐసు 917 కిలోలు.

ఈ తేడా ఎంతో తెలియాలంటే ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని పొడవాటి ప్లాట్‌ఫామ్‌ను ఊహించుకోవాలి. 1,072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫామ్ ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరు పొందింది. తర్వాత గోరఖ్‌పూర్, ఆపై హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. ఆ ప్లాట్‌ఫామ్ మీద ఒక చివర నుంచి మరో చివరకు మీటరున్నర వెడల్పు దారి మీద 30 సెంటీమీటర్ల మందాన మంచు పడిందనుకుంటే, పొడి మంచు అయితే తొలగించాల్సింది 48 టన్నులు. ఘనపు మీటరుకు 300 కిలోల మంచు అయితే దాదాపు 145 టన్నులు. చూడటానికి రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి.

ఇంటి ముందు 30 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు దారి తీసుకున్నా ఇదే కథ. 30 సెంటీమీటర్ల పొడి మంచు 3.6 టన్నులు, తడిది 10.8 టన్నులు.

మీటరున్నర బ్లేడును అడ్డంగా నిలబెట్టి నెట్టుకుంటూ పోతే, ఒక్కో మీటరుకు 45 కిలోల పొడి మంచు ముందు పోగవుతుంది. ఉదాహరణకు ఆ పోగు తన బరువులో సగం మేర ఎదురు బలం చూపుతుందనుకుంటే, మన ట్రాక్టరు ఒకేసారి 500 కిలోలు మాత్రమే నెట్టగలదు. అది 11 మీటర్లకే పోగవుతుంది. తడి మంచు అయితే 4 మీటర్లు కూడా పోకుండానే చక్రాలు జారడం మొదలవుతుంది. 30 మీటర్ల దారిని ఒక్క ఊపులో తోసేయడం ఈ బండి వల్ల కాదు.

అందుకే బ్లేడును ఏటవాలుగా తిప్పే ఏర్పాటు ఉంటుంది. ఏటవాలుగా ఉంటే మంచు ముందు పోగవకుండా పక్కకు దొర్లిపోతుంది. ఇక్కడ కొనేవాళ్లు తరచూ మరచిపోయే చిన్న లెక్క ఒకటుంది. 1.5 మీటర్ల బ్లేడును 30 డిగ్రీలు తిప్పితే అది శుభ్రం చేసే వెడల్పు 1.3 మీటర్లే. ఆ వెడల్పు టైర్ల బయటి అంచుల మధ్య దూరం కంటే తక్కువయితే, ఒక పక్క చక్రం ప్రతిసారీ తొలగించని మంచును తొక్కుతూ పోతుంది. తొక్కిన మంచు గట్టిపడి ఐసవుతుంది. మరుసటి రోజు దాన్ని ఏ బ్లేడూ గీకలేదు.

రైళ్లకూ ఎదురైన ప్రశ్న

మంచును నెట్టాలా, కోసి విసరాలా అన్న ప్రశ్న ట్రాక్టర్ల కంటే ముందే రైల్వేలకు ఎదురైంది. ఉత్తర అమెరికాలో తొలి రోజుల్లో ఇంజిన్ ముందు నాగలి కర్రులా ఉండే భారీ ఇనుప చీలికను పెట్టి, వెనుక మరికొన్ని ఇంజిన్లు చేర్చి, వేగంగా మంచులోకి దూసుకుపోయేవారు. మంచు కాస్త లోతుగా, గట్టిగా ఉంటే బండి మొత్తం అందులో ఇరుక్కునేది. ఎన్ని ఇంజిన్లు చేర్చినా పట్టు హద్దు దాటలేకపోవడం ఒక కారణం. మంచు పక్కకు పోయే చోటు లేక ముందుకే దట్టించుకుపోవడం మరో కారణం.

1869లో కెనడాలోని టొరంటోకు చెందిన జె. డబ్ల్యూ. ఇలియట్ వేరే దారి ఆలోచించారు. ఆయన వృత్తిరీత్యా దంతవైద్యుడు. ముందు భాగంలో పెద్ద చక్రం గుండ్రంగా తిరుగుతూ మంచును కోసి, పైనున్న గొట్టం గుండా దూరంగా విసిరే యంత్రాన్ని ఆయన రూపొందించారు. 1880లలో ఆంటారియోకే చెందిన ఆరెంజ్ జల్ దాన్ని మెరుగుపరిచాక, లెస్లీ సోదరులు తయారీకి దిగారు. ఈ యంత్రంలో ఉన్న ఆవిరి ఇంజిన్ ఆ కోత చక్రాన్ని తిప్పడానికే. బండిని నడిపేది వెనుక నుంచి తోసే మామూలు ఇంజిన్లు. అంటే ఆవిరి శక్తిలో ప్రధాన భాగం పట్టాల పట్టుతో నిమిత్తం లేకుండా నేరుగా మంచు మీదికే పోయేది. పళ్లు తోడే పనిముట్లతో రోజూ మెలిగే మనిషికి కొండంత మంచును కూడా కొంచెం కొంచెంగా తొలిచేయవచ్చని తోచడంలో ఆశ్చర్యం లేదేమో.

మన దేశంలో సరిహద్దు రహదారుల సంస్థ ఏటా వసంతంలో 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్తాంగ్ కనుమను, లద్దాఖ్ దారిలోని జోజిలాను తెరిచేటప్పుడు రెండు పద్ధతులూ వాడుతుంది. డోజర్లు నెడతాయి, స్నో కట్టర్లు కోసి విసురుతాయి. రోడ్డుకు రెండు వైపులా మంచు గోడలు లేచాక నెట్టిన మంచు పోవడానికి చోటుండదు. అప్పుడు విసరడం తప్ప వేరే మార్గం లేదు.

విసరడానికి ఎంత శక్తి కావాలి?

చిన్న ట్రాక్టరుకు ఈ పని చేసిపెట్టేది స్నో బ్లోయర్. ట్రాక్టరు వెనుక నుంచి బయటికి వచ్చే పీటీవో షాఫ్టు దాన్ని తిప్పుతుంది. చిన్న ట్రాక్టర్లలో దీని ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు. 25 హెచ్‌పీ ఇంజిన్ నుంచి పీటీవో దగ్గర దాదాపు 20 హెచ్‌పీ, అంటే 15 కిలోవాట్లు దొరుకుతాయనుకుందాం.

మంచును 10 మీటర్ల అవతల పడేయాలంటే, గాలి అడ్డు లేకపోతే సెకనుకు 10 మీటర్ల వేగంతో 45 డిగ్రీల కోణంలో విసిరితే చాలు. గాలి ఉంది, మంచు ముద్ద గాల్లోనే విడిపోతుంది, కాబట్టి 15 మీటర్ల వేగం వేసుకుందాం. కిలో మంచుకు 112 జౌళ్లు. టన్నుకు 112 కిలోజౌళ్లు. మంచును తొలచడం, గొట్టంలో రాపిడి, గేర్లలో నష్టం అన్నీ కలిపి మూడు రెట్లు ఖర్చవుతుందనుకున్నా టన్నుకు 340 కిలోజౌళ్లు దాటదు. 15 కిలోవాట్లతో అది 23 సెకన్ల పని.

1.3 మీటర్ల వెడల్పు బ్లోయర్ 30 సెంటీమీటర్ల పొడి మంచులో ఒక మీటరు కదిలితే 39 కిలోలు లోపలికి వస్తాయి. ఈ లెక్కన బండి గంటకు 4 కిలోమీటర్ల వేగంతో నడవవచ్చు. 300 కిలోల తడి మంచులో మాత్రం గంటకు 1.3 కిలోమీటర్లే. మనిషి నడక కంటే చాలా నెమ్మది.

ఇక్కడే ట్రాక్టరు ఎంపికలో అసలు మెలిక ఉంది. బ్లోయర్ పూర్తి వేగంతో తిరగాలంటే ఇంజిన్ పూర్తి వేగంతో తిరగాలి. బండి మాత్రం పాకుతున్నట్టు నడవాలి. మామూలు గేర్ల ట్రాక్టరులో మొదటి గేరు కూడా ఒక్కోసారి ఎక్కువ వేగమవుతుంది. క్లచ్ నొక్కి బండి ఆపితే, కొన్ని పాత మోడళ్లలో పీటీవో కూడా ఆగిపోతుంది. మంచు గొట్టంలో నిలిచి బిగుసుకుంటుంది. అందుకే బ్లోయర్ పెట్టాలనుకునేవారు హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ ఉన్న బండిని, లేదా బాగా నెమ్మది వేగానికి ప్రత్యేకంగా క్రీపర్ గేరు ఉన్న బండిని, పీటీవోకు విడి క్లచ్ ఉన్నదాన్ని చూసుకోవాలి. బ్లేడుకు ఇవేవీ అక్కర్లేదు. కాబట్టి ముందు బండి కొని, ఆ తర్వాత పనిముట్టు వెతకడం తలకిందుల పద్ధతి.

బ్లోయర్ ముందు ఉంటుందా, వెనుకా అన్నది కూడా ఖర్చును మారుస్తుంది. వెనుక త్రీ పాయింట్ లింకేజీకి తగిలించేది చవక, కానీ ఎక్కువ రకాల్లో బండిని రివర్సులో నడపాలి. గంటసేపు మెడ వెనక్కి తిప్పి కూర్చోవాలి. ముందు పెట్టేది సుఖం, కానీ దానికి ఇంజిన్ కింద నుంచి ముందు వరకు శక్తిని తీసుకెళ్లే అదనపు ఏర్పాటు కావాలి. చాలా చిన్న ట్రాక్టర్లకు అది ఉండదు.

మూడో పనిముట్టు ముందు లోడరు బకెట్. ఇంట్లో ఇప్పటికే ఉంటే, అప్పుడప్పుడు పడే మంచుకు అదే చాలు. 0.25 ఘనపు మీటర్ల బకెట్‌తో పైన చెప్పిన 36 ఘనపు మీటర్ల దారిని ఖాళీ చేయడానికి 144 సార్లు తిరగాలి. మంచు కోసమే కొనేంత గొప్ప పనిముట్టు కాదది.

బరువు ఎక్కడ పెట్టాలి?

లోడరులో ఇంకో ఇబ్బంది ఉంది. బకెట్, దాన్ని మోసే చేతులు, అందులోని మంచు అన్నీ కలిపి 300 కిలోలు, ముందు ఇరుసుకు మీటరున్నర ముందు ఉన్నాయనుకుందాం. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం కూడా మీటరున్నర అయితే, తూకం సూత్రం ప్రకారం వెనుక చక్రాల మీద నుంచి సరిగ్గా 300 కిలోలు తగ్గిపోతాయి. ముందు ఇరుసు మీద 600 కిలోలు పెరుగుతాయి. వెనుక తేలికయిన బండికి పట్టూ పోతుంది, బ్రేకూ పోతుంది. చాలా చిన్న ట్రాక్టర్లలో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. వాలు దారి మీద ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. ముందు బ్లేడు పెట్టినా, లోడరు పెట్టినా వెనుక లింకేజీకి బరువు వేలాడదీయడం తప్పనిసరి.

టైర్లలో నీళ్లు నింపి బరువు పెంచడం మన రైతులకు తెలిసిన పద్ధతే. సాధారణంగా టైరులో నాలుగింట మూడు వంతుల వరకు నింపుతారు. ఖరగ్‌పూర్‌లో మామూలు నీళ్లు సరిపోతాయి. మంచు దేశాల్లో నీళ్లు గడ్డకట్టి టైరును పాడుచేస్తాయి, అందుకే కాల్షియం క్లోరైడ్ ద్రావణం నింపుతారు. అది రిమ్మును తుప్పు పట్టిస్తుందని కొందరు చక్కెర బీటు రసం వాడతారు. చక్కెర కలిసిన ద్రవం సున్నా కంటే చాలా తక్కువ ఉష్ణోగ్రతలో గానీ గడ్డకట్టదు.

చోటు ఉందా?

ఇన్ని లెక్కల తర్వాత కూడా బ్లేడా, బ్లోయరా అన్నది తేల్చేది చాలాసార్లు ఇంటి చుట్టూ ఉన్న స్థలమే. నెట్టిన మంచు ఎక్కడికో పోవాలి. నవంబరులో పడిన మంచును దారి అంచునే వదిలేస్తే, అది గట్టిపడి గట్టులా నిలుస్తుంది. డిసెంబరు మంచును ఆ గట్టు దాటించలేక ఇంకాస్త ఇవతల వదలాలి. జనవరికి 4 మీటర్ల దారి రెండున్నర మీటర్లవుతుంది. మార్చి దాకా మంచు కరగని ప్రాంతంలో, దారికి రెండు పక్కలా కంచె ఉన్న ఇంట్లో బ్లేడు చవకగా వస్తుంది కదా అని కొనడం పొరపాటు. మధ్యలో నాలుగు రోజులు ఎండ కాసి మంచు కరిగిపోయే చోట, పక్కన ఖాళీ స్థలం ఉన్నచోట బ్లోయర్ అనవసరపు ఖర్చు. ఇంధనం, గేర్లు, బెల్టులు, రిపేర్లు అన్నీ ఎక్కువే.

దారి కంకరదయితే మరో జాగ్రత్త. బ్లోయర్ మంచుతో పాటు రాళ్లనూ విసురుతుంది. ఆ రాయి కూడా సెకనుకు 15 మీటర్ల వేగంతోనే వస్తుంది. అడుగున ఉండే స్కిడ్ షూలను రెండు మూడు సెంటీమీటర్లు దించి, కంకర మీద పలుచటి మంచు పొరను వదిలేయడమే తెలివి.

ఖరగ్‌పూర్ ఎర్రమట్టిలో

ఇదే చిన్న ట్రాక్టరును ఖరగ్‌పూర్ పరిసరాల్లోని వరి పొలంలో దించితే, పేర్లు మారతాయి గానీ లెక్క మారదు. బ్లేడు స్థానంలో గొర్రు కల్టివేటరు, బ్లోయర్ స్థానంలో రోటావేటరు. కల్టివేటరును బండి లాగాలి, కాబట్టి దాని హద్దు చక్రం పట్టు. రోటావేటరును పీటీవో తిప్పుతుంది, కాబట్టి దాని హద్దు ఇంజిన్ శక్తి. పైగా రోటావేటరు కత్తులు సాధారణంగా చక్రాలు తిరిగే దిశలోనే తిరుగుతూ నేలను వెనక్కి తన్నుతాయి. అంటే అది బండిని లాగి పట్టుకోదు, కొంచెం ముందుకే తోస్తుంది.

ఇక్కడి నేల లాటరైట్ ఎర్రమట్టి. వేసవిలో రాయిలా బిగుసుకుంటుంది. అప్పుడు టైరుకు పట్టు బాగానే ఉంటుంది, కానీ తేలికపాటి చిన్న ట్రాక్టరు ఆ గట్టి నేలలో కల్టివేటరును లోతుగా లాగలేదు. జూన్‌లో వానలు మొదలై పొలంలో నీళ్లు నిలిచాక నేల మెత్తబడుతుంది, లాగుడు తగ్గుతుంది, దాంతోపాటు పట్టూ పోతుంది. దమ్ము చేసేటప్పుడు రబ్బరు టైర్ల పక్కన ఇనుప దమ్ము చక్రాలు బిగించేది అందుకే. మంచు దేశంలో గొలుసులు చేసే పనే ఇక్కడ అవి చేస్తాయి. జారే పైపొరను చీల్చుకుని కింద గట్టిగా ఉన్నదాన్ని పట్టుకోవడం రెండింటి ఉద్దేశం.

ఖరగ్‌పూర్ ఐఐటీలో వ్యవసాయ ఇంజినీరింగ్ విభాగం 1952 నుంచి ఉంది. ఐఐటీ మొదలైన మరుసటి ఏడాదే ఇది ఏర్పడింది. ట్రాక్టరుకు పనిముట్టును జత కుదర్చడం, చక్రాల జారుడు వంటివి ఈ శాస్త్రంలో ప్రధాన పాఠాలు. వాటిలో ఒకటి రైతు కూడా చేసి చూడగలిగినది. టైరు మీద సుద్దతో గీత గీసి, పనిముట్టు ఎత్తి ఉంచి, టైరు పది చుట్లు తిరిగితే బండి ఎంత దూరం పోయిందో కొలవాలి. తర్వాత పనిముట్టు దించి, పనిచేస్తూ పది చుట్లకు ఎంత దూరం పోయిందో కొలవాలి. మొదటిసారి 30 మీటర్లు, రెండోసారి 27 మీటర్లు వస్తే జారుడు 10 శాతం. పొలంలో 8 నుంచి 15 శాతం జారుడు మంచి పని జరుగుతున్నట్టు లెక్క. 15 దాటి పోతుంటే బండి చాలకపోవడమో, బరువు చాలకపోవడమో, పనిముట్టు వెడల్పు ఎక్కువ కావడమో జరిగి ఉండాలి. డీజిల్ టైరును అరగదీయడానికి ఖర్చవుతోంది. బాగా తక్కువ, 4 శాతమే వస్తే అనవసరపు బరువు మోస్తున్నట్టు. ఈ కొలత మంచు మీద బ్లేడుకూ పనికొస్తుంది, అయితే అక్కడ అంకెలు ఎక్కువగానే వస్తాయి.

సెకనుకు 9 చుట్లు

లాగే పనిముట్టు కంటే తిరిగే పనిముట్టు శక్తిని బాగా వాడుకుంటుంది. ప్రమాదం కూడా అక్కడే. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు 9. కీళ్లతో కలిపి షాఫ్టు మందం 7 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కో చుట్టుకు 22 సెంటీమీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది. సెకనులో 2 మీటర్లు. పంచె కొంగయినా, చీర చెంగయినా, మంచు దేశంలో మెడ మఫ్లరయినా తేడా లేదు. మనిషి ఉలిక్కిపడి స్పందించడానికే అర సెకనుకు పైగా పట్టవచ్చు. షాఫ్టు మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు విరిగితే కొత్తది వేయించకుండా బండి స్టార్ట్ చేయకూడదు.

బ్లోయర్ గొట్టంలో తడి మంచు బిగుసుకున్నప్పుడు చేత్తో తీయబోయి వేళ్లు పోగొట్టుకోవడం మంచు దేశాల ఆసుపత్రులకు కొత్త కాదు. ఇంజిన్ ఆపేశాం కదా అన్న ధీమా చాలదు. బిగుసుకున్న మరలో మెలితిరిగిన ఒత్తిడి నిలిచే ఉంటుంది. అడ్డం తొలగిన క్షణంలో అది ఒక్కసారిగా కొంత తిరుగుతుంది. ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి, పీటీవో విడదీసి, ఆ తర్వాత కూడా పొడవాటి కర్రతోనే తీయాలి.

బ్లోయర్లో, కొన్ని రోటావేటర్లలో షియర్ బోల్టు అనే చిన్న బోల్టు ఉంటుంది. రాయి అడ్డం పడితే గేరుబాక్సు విరగకుండా ముందు తానే తెగిపోయేలా దాన్ని మెత్తటి ఇనుముతో చేస్తారు. మాటిమాటికీ తెగుతోందని దాని స్థానంలో గట్టి బోల్టు బిగించడం కొందరి అలవాటు. అప్పుడు తెగేది బోల్టు కాదు, దానికంటే ఎన్నో రెట్లు ఖరీదైన గేరు పళ్లు. కంపెనీ చెప్పిన గ్రేడు బోల్టులు నాలుగయిదు, వాటికి సరిపడే స్పానరు సీటు కింద పెట్టెలో ఉంచుకుంటే, మంచు మధ్యలోనైనా మడి మధ్యలోనైనా పది నిమిషాల్లో పని మళ్లీ మొదలవుతుంది.